పెట్టె చేరాక ఎన్నేళ్లు? నల్లజాతి రచయిత్రుల కాగితాల లెక్క

33 కవితలు, 13 ఉత్తరాలు. ఫిలిస్ వీట్లీ 1779లో బోస్టన్‌లో తన రెండో పుస్తకానికి చందాదారులను కోరుతూ ఇచ్చిన ప్రకటనలో చూపిన లెక్క అది. పశ్చిమ ఆఫ్రికా నుంచి చిన్నపిల్లగా ఉన్నప్పుడే పట్టుకొచ్చి బానిసగా అమ్మిన మనిషి ఆమె. 1773లో లండన్‌లో అచ్చయిన తొలి సంపుటితో, అమెరికా నుంచి కవితల పుస్తకం వెలువరించిన మొదటి నల్లజాతి వ్యక్తి అయ్యారు. రెండో పుస్తకానికి చాలినంత మంది చందా కట్టలేదు. 1784 డిసెంబరులో పేదరికంలోనే కన్నుమూశారు. ఆ రాతప్రతి ఎటు పోయిందో నేటికీ జాడ లేదు. ఆమె 1776లో రాసిన ఒక్క ఉత్తరాన్ని 2005లో న్యూయార్క్‌లో వేలం వేస్తే 2,53,000 డాలర్లు పలికింది.

నల్లజాతి రచయిత్రుల సొంత కాగితాల గురించి వార్త వచ్చిందంటే అందులో సాధారణంగా మూడు అంకెలుంటాయి: ఎన్ని పెట్టెలు, ఎంత ధర, ప్రదర్శనలో ఎన్ని వస్తువులు. నాకు వీటన్నిటికన్నా ముఖ్యమనిపించేది శీర్షికకెక్కని నాలుగో అంకె. కాగితం భద్రమైన చోటికి చేరాక, అది ఫలానా పెట్టెలో ఫలానా కవరులో ఉందని పాఠకులకు తెలియడానికి ఎన్నేళ్లు పట్టింది? కొనడానికి దాతలు దొరుకుతారు. ప్రదర్శన పెట్టడానికీ దొరుకుతారు. మధ్యలో కూర్చుని కట్టలు విప్పి, చదివి, ఏది ఏమిటో రాసిపెట్టే పనికి డబ్బు అంత తేలిగ్గా రాదు. కాలిపోయిన కాగితాల కథలు అందరికీ తెలుసు. కాలకుండానే కనబడకుండా పోయినవాటి సంగతి తెలిసినవాళ్లు తక్కువ.

రెండు రకాలకూ జోరా నీల్ హర్‌స్టన్ జీవితంలోనే ఉదాహరణలున్నాయి.

హర్‌స్టన్ 1960 జనవరి 28న ఫ్లోరిడాలోని ఫోర్ట్ పియర్స్‌లో, దిక్కులేనివాళ్ల కోసం కౌంటీ నడిపే గృహంలో చనిపోయారు. వయసు 69. 1937లో 'దెయిర్ ఐస్ వర్ వాచింగ్ గాడ్' నవల రాసిన ఆమె పుస్తకాలు అప్పటికి అచ్చులోనే లేవు. ఇల్లు ఖాళీ చేయిస్తున్నవాళ్లు ఆమె కాగితాలను తగలబెట్టడం మొదలుపెట్టారు. అటుగా వెళ్తున్న డిప్యూటీ షెరీఫ్ ప్యాట్రిక్ డువాల్‌కు ఆమె తెలుసు. ఆగి, మొక్కలకు నీళ్లు పట్టే గొట్టంతో మంట ఆర్పారు. మిగిలినవి ఇప్పుడు గెయిన్స్‌విల్‌లోని ఫ్లోరిడా విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉన్నాయి. వాటిలో అంచులు నల్లగా కాలిన పుటలున్నాయి. చివరి ఏళ్లలో ఆమె హెరోదు రాజు మీద రాస్తూ వచ్చిన నవల ఆ కాలిన కాగితాల్లోదే. డెబొరా జి. ప్లాంట్ సంపాదకత్వంలో అది 2025 జనవరిలో పుస్తకంగా వచ్చింది. మంట ఆరిన 65 ఏళ్లకు.

ఇంతకన్నా నన్ను బాధపెట్టేది అగ్గిపుల్ల ప్రమేయం లేని రెండో కథ. 1925 నుంచి 1944 వరకు హర్‌స్టన్ తన పది నాటకాల టైపు ప్రతులను కాపీరైటు నమోదు కోసం వాషింగ్టన్‌కు పంపారు. అవి ఎక్కడికీ పోలేదు. ప్రపంచంలోకెల్లా పెద్ద గ్రంథాలయాల్లో ఒకటైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో, పొడిగా, చెదలు పట్టకుండా ఉన్నాయి. అవి ఉన్నాయని లోకానికి తెలిసింది 1997లో. చివరి నాటకం నుంచి లెక్క కట్టినా 53 ఏళ్లు. అందులో మొదటి 16 ఏళ్లు హర్‌స్టన్ బతికే ఉన్నారు, డబ్బుకు కటకటలాడుతూ. రక్షించడం అంటే తడి తగలకుండా, మంట అంటకుండా చూడటమే అనుకుంటే ఆ నాటకాలను నిక్షేపంగా రక్షించినట్టే. చదివేవాళ్ల లెక్కలో మాత్రం అవి కాలిపోయిన వాటితో సమానం.

మూడో రకం ఆలస్యం ఇంకొకటుంది. బానిసలను మోసుకుని అమెరికా చేరిన ఆఖరి ఓడ క్లోటిల్డా. 1860లో అందులో వచ్చిన కుడ్జో లూయిస్‌తో రోజుల తరబడి కూర్చుని, ఆయన చెప్పింది చెప్పినట్టు రాసి హర్‌స్టన్ 1931లో 'బరకూన్' పూర్తి చేశారు. ఆయన మాటతీరును శిష్ట భాషలోకి మార్చమని ప్రచురణకర్త అడిగితే ఆమె ఒప్పుకోలేదు. టైపు ప్రతి హోవర్డ్ విశ్వవిద్యాలయంలో, ఆలెన్ లాక్ కాగితాలతో పాటు ఉండిపోయింది. పరిశోధకులకు దాని సంగతి తెలుసు, వెళ్లి చదివారు కూడా. సాధారణ పాఠకుల చేతికి వచ్చింది మాత్రం 2018లో. 87 ఏళ్లు. ఇక్కడ జాబితా లోపం లేదు. లేనిది ఆ మాటను ఆ మాటగా అచ్చువేసే ప్రచురణకర్త.

హర్‌స్టన్‌ను మళ్లీ పాఠకుల్లోకి తెచ్చింది ఎక్కువగా రచయిత్రి ఆలిస్ వాకర్. 1973 ఆగస్టులో ఫోర్ట్ పియర్స్ వెళ్లి, హర్‌స్టన్‌కు మేనకోడలినని చెప్పుకుంటూ, గుర్తు కూడా లేని ఆమె సమాధిని వెతికి రాయి వేయించారు. ఆ రాతి మీద పుట్టిన సంవత్సరం 1901 అని ఉంటుంది. అసలు సంవత్సరం 1891. పదేళ్లు తగ్గించి చెప్పుకున్నది హర్‌స్టనే. దాన్ని సరిచూసుకునే ఆధారం ఆనాటికి వాకర్‌ చేతిలో లేదు. మనిషి పోయిన 13 ఏళ్లకే పుట్టిన తేదీ దగ్గర తప్పు దొర్లిందంటే, కాగితాలు చెదిరితే ఏం జరుగుతుందో వేరే చెప్పక్కర్లేదు.

1979లో వాకర్ కూర్చిన హర్‌స్టన్ రచనల సంకలనాన్ని న్యూయార్క్‌లోని ఫెమినిస్ట్ ప్రెస్ ప్రచురించింది. తెలుగువాళ్లకు ఈ ప్రచురణ సంస్థతో నేరుగా సంబంధముంది. హైదరాబాదు నుంచి సూసీ తారు, కె. లలిత సంపాదకత్వం వహించిన 'విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా' రెండు సంపుటాలనూ 1991, 1993లలో అక్కడ అచ్చువేసింది ఇదే సంస్థ. ముద్దుపళని 'రాధికా సాంత్వనము'ను బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో పరిష్కరించి అచ్చు వేయించడం, బ్రిటిష్ ప్రభుత్వం దాన్ని నిషేధించడం, 1947లో టంగుటూరి ప్రకాశం హయాంలో నిషేధం తొలగడం — ఈ చరిత్రను మొదటి సంపుటి తన ముందుమాటలోనే ప్రపంచం ముందు పెట్టింది. మరుగుపడ్డ రచయిత్రిని వెతికి తెచ్చే పని అమెరికాలోనూ హైదరాబాదులోనూ ఇంచుమించు ఒకే కాలంలో, ఒకే పట్టుదలతో సాగింది.

325, 326

ఉన్నవి ఎందుకు కనబడవు? రెండు అంకెలు చూస్తే అర్థమవుతుంది. డ్యూయీ దశాంశ పద్ధతిలో 326 అంటే బానిసత్వం. 325 అంటే వలసలు. గత శతాబ్దం తొలి దశాబ్దాల్లో చాలా అమెరికన్ గ్రంథాలయాలు నల్లవాళ్లు రాసిన ఏ పుస్తకం వచ్చినా ఈ రెండింటిలో ఒక దాని కింద పెట్టేసేవి. జేమ్స్ వెల్డన్ జాన్సన్ కవిత్వం కూడా కవిత్వం అరలో కాక 325లో చేరేది. కవిత్వం కోసం వచ్చిన పాఠకుడికి అది ఎన్నటికీ తగలదు.

దీన్ని మార్చింది డొరొతీ పోర్టర్. 1930లో హోవర్డ్ విశ్వవిద్యాలయంలో నల్లజాతి సాహిత్య సేకరణ బాధ్యత తీసుకుని 1973 వరకు, 43 ఏళ్లు, ఆ పనిలోనే ఉన్నారు. డ్యూయీ సంఖ్యలను పక్కనబెట్టి రచయిత పేరునూ ప్రక్రియనూ బట్టి పుస్తకాలను సర్దారు. కొనడానికి పెద్దగా డబ్బుండేది కాదు. ప్రచురణకర్తలకు, రచయితల కుటుంబాలకు ఉత్తరాలు రాసి అడిగి తెచ్చేవారు. చనిపోయినవారి ఇళ్లలో అటకలు ఖాళీ చేస్తున్నారని తెలిస్తే అక్కడికి చేరేవారు. ఒక పుస్తకం వెన్ను మీద అంకె మార్చడం గుమాస్తా పనిలా కనిపిస్తుంది. నల్లజాతి వ్యక్తి రాసింది సాహిత్యమా, లేక బానిసత్వం గురించిన సమాచారమా అన్న ప్రశ్నకు జవాబు ఆ అంకెలోనే ఉంది. ఈ విషయంలో పోర్టర్ చేసిన పనిని నేను చాలా మంది విమర్శకుల పనికన్నా పైన పెడతాను. ఆమె ఆ గ్రంథాలయాన్ని నడుపుతున్న కాలంలోనే, 1953లో, ఒహాయో నుంచి వచ్చిన ఒక అమ్మాయి హోవర్డ్‌లో ఇంగ్లిషు డిగ్రీ పూర్తి చేసుకుంది. ఆమె టోనీ మోరిసన్.

180 అడుగులంటే

మోరిసన్ కాగితాలు తమకు చేరుతున్నాయని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం 2014 అక్టోబరులో ప్రకటించినప్పుడు చెప్పిన కొలత దాదాపు 180 అడుగులు. ఆర్కైవిస్టులు కాగితాలను లెక్కపెట్టరు. పెట్టెలను అర మీద వరుసగా పేర్చి ఎన్ని అడుగులొచ్చాయో చెబుతారు. 180 అడుగులంటే 55 మీటర్ల పొడవైన అర. అడుగుకు సుమారు 1,500 నుంచి 2,000 కాగితాలని మోటు లెక్క వేసుకుంటారు. అలా చూస్తే రెండు లక్షల డెబ్బై వేల నుంచి మూడు లక్షల అరవై వేల కాగితాలు. నవలల చిత్తుప్రతులు, ప్రూఫులు, ఉత్తరాలు, ఉపన్యాసాలు, పసుపు రంగు లీగల్ ప్యాడ్ల మీద పెన్సిలుతో రాసిన పుటలు.

ఇవి మిగలడం కూడా అదృష్టమే. మోరిసన్ నోబెల్ అందుకున్నది 1993 డిసెంబరు 10న. సరిగ్గా 15 రోజులకు, క్రిస్మస్ నాడు, హడ్సన్ నది ఒడ్డున ఉన్న ఆమె ఇల్లు కాలిపోయింది. రాతప్రతుల్లో కొన్ని బయటపడ్డాయి. మంట సెగ, నీళ్ల తడి తగిలిన కాగితాలను పరిరక్షకులు ఒక్కొక్కటిగా బాగుచేయాల్సి వచ్చింది. అలాంటి కాగితానికి చేసే వైద్యంలో తొందర కుదరదు. ముందు వేడి పెట్టకుండా ఆరబెట్టాలి. మసిని మెత్తటి స్పాంజితో అద్దాలి, రుద్దకూడదు. అంచులు పొడి రాలుతుంటే రెండు పారదర్శక పాలియెస్టర్ షీట్ల మధ్య ఉంచి చుట్టూ అతికిస్తారు, ముట్టుకోకుండానే రెండు వైపులా చదవొచ్చు.

కాగితం కానివీ ఉన్నాయి. మోరిసన్ కాగితాలతో పాటు వచ్చిన ఫ్లాపీ డిస్కుల్లో 'బిలవెడ్' చిత్తుప్రతులు దొరికాయి. ఆ డిస్కును చదివే యంత్రం ఇప్పుడు అంగట్లో తేలిగ్గా దొరకదు. దొరికినా ఆనాటి సాఫ్ట్‌వేర్‌లో దాచిన ఫైలును నేటి కంప్యూటరు తెరవదు. పైగా డిస్కు మీది అయస్కాంత పూత ఏటేటా బలహీనపడుతుంది. లీగల్ ప్యాడ్ కాగితం ఆమ్లం వల్ల పెళుసెక్కడానికి దశాబ్దాలు పడుతుంది. ఫ్లాపీకి అంత గడువు లేదు. 1980ల నుంచి కంప్యూటరు మీద రాసిన ప్రతి రచయిత్రి విషయంలోనూ ఈ తొందర ఉంది.

ఇక మధ్యలో పని. 2005లో మార్క్ గ్రీన్, డెన్నిస్ మైస్నర్ అనే ఇద్దరు అమెరికన్ ఆర్కైవిస్టులు తమ వృత్తివాళ్లను ఉద్దేశించి రాసిన వ్యాసంలో, 20వ శతాబ్దపు కాగితాలను ఘనపుటడుగుకు సగటున నాలుగు గంటల్లో సర్ది, వివరం రాయవచ్చన్నారు. క్లిప్పులు తీయడం, ప్రతి కాగితాన్నీ చూడటం పెట్టుకుంటే పెట్టెలు ఏళ్ల తరబడి గిడ్డంగిలోనే మగ్గుతాయని వాళ్ల వాదన. ఘనపుటడుగునూ అర మీది అడుగునూ ఇంచుమించు ఒకటిగా తీసుకుంటే, ఆ లెక్కన 180 అడుగులకు 720 గంటలు, వారానికి 40 గంటల చొప్పున ఒక మనిషికి 18 వారాలు. ప్రిన్స్‌టన్ 2016లో మోరిసన్ కాగితాలను పరిశోధకులకు తెరిచింది. ప్రకటన నుంచి రెండేళ్లు.

దీనికి పూర్తి భిన్నమైన దారి ఆక్టేవియా బట్లర్ కాగితాలది. నాకు ఈ కథ మీద మమకారం ఎక్కువ. బట్లర్ 1947లో కాలిఫోర్నియాలోని పాసడీనాలో పుట్టారు. తల్లి ఇళ్లలో పనిచేసేవారు. బట్లర్ కూడా గిన్నెలు కడగడం, చిప్స్ ఏరడం వంటి ఉద్యోగాలు చేస్తూ, తెల్లవారుజామున లేచి రాసుకుంటూ సైన్స్ ఫిక్షన్ రచయిత్రి అయ్యారు. 1995లో మెకార్థర్ ఫెలోషిప్ వచ్చింది. ఆ ప్రక్రియలో రాసేవాళ్లలో అది మొదట అందింది ఆమెకే. చేతికొచ్చిన ప్రతి కాగితం మీదా రాశారు, రాసిన ప్రతిదీ దాచుకున్నారు. 2006లో మరణించేనాటికి అదంతా తమ ఊరి పక్కనే శాన్ మరీనోలో ఉన్న హంటింగ్టన్ గ్రంథాలయానికి చెందాలని వీలునామాలో పెట్టారు. 2008లో అక్కడికి చేరినవి రెండు ఫైలు బీరువాలు, 35 పెద్ద అట్టపెట్టెలు.

నటాలీ రసెల్ అనే ఉద్యోగిని వాటిని వస్తువు వారీగా జాబితా చేశారు. మొత్తం 8,000 పైచిలుకు. ఒక్కోదానికి పావుగంట చొప్పున వేసుకున్నా 2,000 గంటలు, అంటే ఏడాది పని. బట్లర్ నోటుపుస్తకాల్లో అది పావుగంటలో తేలేది కాదు. ఒకే పుటలో నవల సన్నివేశం, కరెంటు బిల్లు లెక్క, తనకు తాను రాసుకున్న హెచ్చరిక ఉంటే దాన్ని ఏ పేరు కింద రాయాలి? 2013కు గానీ పరిశోధకులకు పూర్తిగా అందుబాటులోకి రాలేదు. పెట్టెలు చేరాక ఐదేళ్లు. ఆ ఐదేళ్లు వృథా కాలేదనే నా నమ్మకం. 'ఉత్తరాలు, 1970–75' అని పెట్టె మీద ఒక్క ముక్క రాసి ఉంటే వెళ్లి వెతుక్కునేవాడికి వారాల సెలవు, విమానం టికెట్టు, అక్కడ ఉండే ఖర్చు కావాలి. ఏ ఉత్తరం ఎవరికో రాసి ఉంటే వేల మైళ్ల దూరంలోని విద్యార్థి కూడా అడిగి తెప్పించుకోగలడు. త్వరగా సర్దే పద్ధతిలో మిగిలిన శ్రమ మాయం కాదు, పాఠకుడి నెత్తికెక్కుతుంది.

1988లో బట్లర్ తన నోటుపుస్తకంలో తాను అత్యధికంగా అమ్ముడుపోయే రచయిత్రిని అవుతానని శపథంలా రాసుకున్నారు. 1993లో వచ్చిన ఆమె నవల 'పారబుల్ ఆఫ్ ది సోవర్' న్యూయార్క్ టైమ్స్ జాబితాకెక్కింది 2020 సెప్టెంబరులో, ఆమె పోయిన 14 ఏళ్లకు. 2021లో అంగారకుడి మీద పర్సీవరెన్స్ రోవర్ దిగిన చోటుకు నాసా ఆమె పేరు పెట్టింది.

ఎనభైకి ఒకటి

2017లో హంటింగ్టన్ పెట్టిన బట్లర్ ప్రదర్శనలో ఉంచినవి సుమారు 100 వస్తువులు. 8,000లో 100 అంటే ఎనభైకి ఒకటి. ప్రిన్స్‌టన్ 2023 ఫిబ్రవరి 22 నుంచి జూన్ 4 వరకు నిర్వహించిన మోరిసన్ ప్రదర్శన 'సైట్స్ ఆఫ్ మెమరీ'లోనూ దాదాపు వందే, అక్కడి నిధి ఎన్నో రెట్లు పెద్దదైనా. ఆటమ్ వొమాక్ అనే అధ్యాపకురాలు ఎంపిక చేసిన ఆ ప్రదర్శనలో డైరీ పుటల్లో సందు చూసి రాసుకున్న నవల భాగాలు, మోరిసన్ చేత్తో గీసుకున్న పటాలు ఉన్నాయి. అచ్చు పుస్తకంలో కనబడనిది ఇక్కడ కనబడుతుంది: ఇద్దరు పిల్లలను ఒంటరిగా పెంచుతూ, ర్యాండమ్ హౌస్‌లో సంపాదకురాలిగా ఉద్యోగం చేస్తూ నవల రాసిన మనిషికి దొరికిన ఖాళీ ఎంతో ఆ పుటల సైజే చెబుతుంది.

వందకు మించకపోవడానికి స్థలం ఒక్కటే కారణం కాదు. వెలుతురు కాగితానికి శత్రువు, అది చేసిన నష్టం పూడ్చలేనిది. అందుకే సున్నితమైన కాగితం మీద 50 లక్స్‌కు మించి వెలుగు పడనివ్వరు; మామూలు కార్యాలయంలో 300 నుంచి 500 దాకా ఉంటుంది. రోజుకు ఎనిమిది గంటలు, 90 రోజులు 50 లక్స్ పడితే 36,000 లక్స్ గంటలు. కార్యాలయం వెలుగులో అదే మోతాదు తొమ్మిది నుంచి పదిహేను రోజుల్లో నిండిపోతుంది. కాబట్టి ప్రదర్శన మూడు నాలుగు నెలల్లో ముగుస్తుంది, పుటలు మళ్లీ చీకట్లోకి వెళ్తాయి. ప్రదర్శనకు వెళ్లినవాళ్లు గది మసకగా ఉందని విసుక్కోవడం మామూలే. ఆ మసక వల్లనే మరో తరం వాటిని చూడగలుగుతుంది.

ఎవరి దగ్గర, ఎప్పటిదాకా

మోరిసన్ చదివింది హోవర్డ్‌లో, ఆమె కాగితాలున్నది ప్రిన్స్‌టన్‌లో. ఆమె అక్కడ 1989 నుంచి 2006 వరకు పాఠాలు చెప్పారు నిజమే. వాకర్ రెండేళ్లు చదివింది అట్లాంటాలోని నల్లజాతి మహిళల కళాశాల స్పెల్మన్‌లో; ఆమె పెట్టెలు 122 అదే ఊళ్లోని ఎమొరీ విశ్వవిద్యాలయానికి 2007లో వెళ్లాయి. ప్రిన్స్‌టన్ మూలనిధి 3,000 కోట్ల డాలర్లు దాటింది. హోవర్డ్‌ది 100 కోట్ల డాలర్ల దరిదాపుల్లో ఉంటుంది. తేమ నియంత్రించే గిడ్డంగి, ఫ్లాపీ నిపుణుడు, ఏళ్ల తరబడి జాబితా రాసే ఉద్యోగి — వీటన్నిటికీ జీతం ఎక్కడి నుంచి వస్తుందో ఆ తేడాలో ఉంది. రచయిత్రులను తప్పుపట్టలేం, కాగితం బతకాలని ఎవరికైనా ఉంటుంది. అయినా ఎవరూ పట్టించుకోని రోజుల్లో పోర్టర్ లాంటివాళ్లు పైసా పైసా కూడబెట్టి నిలబెట్టిన నల్లజాతి సంస్థలకు, ఆ సాహిత్యానికి విలువ పెరిగాక వాటా తగ్గడం అన్యాయమే. అందుకే ఆడ్రీ లార్డ్, టోనీ కేడ్ బంబారా కాగితాలు స్పెల్మన్‌లో ఉండటం, మాయా ఆంజెలో 343 పెట్టెలు 2010లో హార్లెమ్‌లోని షోంబర్గ్ కేంద్రానికి వెళ్లడం నాకు తృప్తినిస్తాయి. 1926లో ఆర్టురో షోంబర్గ్ సేకరణను కార్నెగీ కార్పొరేషన్ ఇచ్చిన 10,000 డాలర్లతో కొని న్యూయార్క్ ప్రజా గ్రంథాలయం పెంచిన కేంద్రమది. ఇప్పుడు అందులో కోటీ పది లక్షలకు పైగా వస్తువులున్నాయి, లోపలికి వెళ్లడానికి విశ్వవిద్యాలయ గుర్తింపు అక్కర్లేదు.

నాలుగో అంకెను కావాలని పెంచే సందర్భాలూ ఉంటాయి. నాటక రచయిత్రి లొరేన్ హాన్స్‌బెర్రీ 1965లో 34 ఏళ్లకే చనిపోయారు. ఆమె కాగితాల్లో, స్త్రీలపై తన ప్రేమ గురించి రాసుకున్న భాగాన్ని దశాబ్దాల పాటు మూసే ఉంచారు. 1957లో 'ది ల్యాడర్' అనే లెస్బియన్ పత్రికకు ఆమె పొడి అక్షరాల సంతకంతో రాసిన ఉత్తరాల మీద బ్రూక్లిన్ మ్యూజియం ప్రదర్శన పెట్టింది 2013 నవంబరులో. ఆమె పోయిన 48 ఏళ్లకు. ఆ తలుపు మూసింది ఆమె కాదు, ఆమె తర్వాతివాళ్లు. ఆ నిర్ణయం వల్ల ఆమె జీవితాన్ని సగమే చదివిన తరాలున్నాయి.

వాకర్ సంగతి వేరు. తన డైరీలను 2040 దాకా తెరవొద్దని షరతు పెట్టింది ఆమే. రాసిన మనిషే తాళం వేస్తే దాన్ని గౌరవించాలి. నల్లజాతి స్త్రీల ఆంతరంగికాన్ని వాళ్లను అడగకుండా తిరగేసిన చరిత్ర ఉన్న దేశంలో మరీనూ. తర్వాత ఆమే మనసు మార్చుకుని, 65కు పైగా ఉన్న ఆ నోటుపుస్తకాల నుంచి 1965–2000 మధ్యవాటిని ఏరి కూర్చే పనిని వాలెరీ బాయ్డ్‌కు అప్పగించారు. హర్‌స్టన్ జీవితచరిత్ర రాసిన బాయ్డ్ ఈ పని ముగించి 2022 ఫిబ్రవరిలో మరణించారు. పుస్తకం ఏప్రిల్‌లో వచ్చింది. అందులో ఉన్నది ఎంపిక మాత్రమే. ఏది వదిలేశారో ఎవరైనా సరిచూడాలంటే ఎమొరీలో అసలు డైరీలు తెరిచే 2040 దాకా ఆగాలి. అప్పటికి వాకర్‌కు 96 ఏళ్లు.